రాయితీలిస్తే వచ్చేస్తుందా? చిన్న దేశాలు, విదేశీ పెట్టుబడి

1996లో ఇంటెల్ కంపెనీ చిప్‌లను అసెంబుల్ చేసి పరీక్షించే కొత్త ఫ్యాక్టరీకి స్థలం వెతుకుతోంది. బ్రెజిల్, మెక్సికో, చిలీ లాంటి దేశాలు వరసలో ఉన్నాయి. కోస్టారికా పేరు మొదట్లో ఆ జాబితాలోనే లేదు. అప్పటికి దాని జనాభా సుమారు 35 లక్షలు. బయటివాళ్లకు ఆ దేశం తెలిసిందల్లా కాఫీతో, అరటిపండ్లతో. అయినా సిండే అనే చిన్న పెట్టుబడుల ప్రోత్సాహక సంస్థ ఇంటెల్ వెంటపడింది. మా దగ్గరికి కూడా ఒకసారి వచ్చి చూడండని ఒప్పించింది. నవంబరుకల్లా ఇంటెల్ కోస్టారికానే ఖాయం చేసుకుంది. మొదట ప్రకటించిన పెట్టుబడి 30 కోట్ల డాలర్లు.

పెట్టుబడుల సదస్సుల్లో ఈ కథ తెగ చెబుతారు. అధ్యక్షుడు హోసే మరియా ఫిగరెస్ స్వయంగా రంగంలోకి దిగాడని చెప్పి, అక్కడికి చప్పట్లు కొట్టించి ఆపేస్తారు. నాకు మాత్రం అంతకంటే ఆసక్తిగా అనిపించేది ఇంటెల్ ఆరా తీసిన విషయాలు. కరెంటు ఎంతకిస్తారు, నమ్మకంగా ఉంటుందా? మెషీన్ల మీద పనిచేయగల టెక్నీషియన్లు ఎంతమంది దొరుకుతారు? మా సరుకు విమానంలోనే పోవాలి, సరిపడా విమానాలున్నాయా? వీటన్నిటి వెనక ఇంకో అనుమానం: ఇంత చిన్న దేశం మా ఫ్యాక్టరీ బరువు మోయగలదా?

ప్రభుత్వం ఒక్కోదానికీ జవాబు వెతికింది. భారీగా కరెంటు వాడే పరిశ్రమలకు వేరే టారిఫ్ పెట్టింది. అది ఇంటెల్‌కు రాసిచ్చిన రాయితీ కాదు, అంత కరెంటు వాడే ఎవరికైనా వర్తిస్తుంది. సాంకేతిక విద్యాసంస్థలో కోర్సులు ఫ్యాక్టరీ అవసరాలకు తగ్గట్టు మార్చారు. విమాన సర్వీసుల అనుమతులు సడలించారు. పన్ను మినహాయింపులు ఉన్నమాట నిజమే, కానీ అవి ఫ్రీ జోన్ (ఎగుమతి కంపెనీలకు పన్ను మినహాయింపులుండే ప్రత్యేక ప్రాంతం) చట్టం కింద మిగతా ఎగుమతి కంపెనీలకూ దొరికేవే. పోటీలో ఉన్న పెద్ద దేశాలు ఇంతకంటే ఎక్కువ ఇవ్వగల స్థితిలోనే ఉన్నాయి. అయినా ఫ్యాక్టరీ అక్కడికి పోలేదు.

చిన్న దేశాల విషయంలో చాలామంది పొరపడేది ఇక్కడే. పెట్టుబడి రావడం లేదంటే రాయితీ చాలలేదనుకుంటారు. ఇంకో ఐదేళ్లు పన్ను మాఫీ, ఇంకాస్త చవగ్గా భూమి. వచ్చే కంపెనీ ఏం వెతుక్కుంటోందో తెలుసుకోకుండా బేరం పెంచుకుంటూ పోతే, ఇచ్చింది చేతికి దక్కదు, వచ్చింది నిలవదు.

అసలు ఎందుకొస్తారు?

ముందు ఒక చిన్న స్పష్టత. విదేశీ ప్రత్యక్ష పెట్టుబడి, అంటే మనం ఎఫ్‌డీఐ అనేది, షేర్ మార్కెట్లోకి వచ్చిపోయే డబ్బు కాదు. ఒక విదేశీ సంస్థ ఇంకో దేశంలోని కంపెనీలో కనీసం 10 శాతం ఓటు హక్కున్న వాటా తీసుకుంటే దాన్ని ఎఫ్‌డీఐగా లెక్కేస్తారు. నడిపించే ఉద్దేశంతో వచ్చిన డబ్బని అర్థం. అందులో ఫ్యాక్టరీ కట్టడానికి తెచ్చిన మూలధనం ఉంటుంది, మాతృసంస్థ ఇచ్చిన అప్పు ఉంటుంది, అక్కడే సంపాదించి అక్కడే తిరిగి పెట్టిన లాభం కూడా ఉంటుంది. ఈ మూడోదాన్ని గుర్తుపెట్టుకోండి, మళ్లీ దాని దగ్గరికొద్దాం.

కంపెనీలు వేరే దేశానికి వెళ్లడానికి స్థూలంగా మూడు కారణాలు. అక్కడి జనానికి అమ్ముకోవాలని, అక్కడి భూమిలో ఉన్నది తవ్వుకోవాలని, లేదా అక్కడ తక్కువ ఖర్చుతో తయారుచేసి వేరేచోట అమ్మాలని. కోటి మంది కూడా లేని దేశానికి మొదటి కారణం దాదాపు వర్తించదు. ముప్పై, నలభై లక్షల మంది వినియోగదారుల కోసం ఎవరూ కార్ల ఫ్యాక్టరీ కట్టరు. టెలికాం, బ్యాంకు, సిమెంటు, సూపర్‌మార్కెట్లు రావచ్చు. అవి అవసరమే కానీ డాలర్లు సంపాదించి పెట్టవు, లాభాలు బయటికి పంపేటప్పుడు డాలర్లు అడుగుతాయి.

మిగిలింది ఖనిజాలు, లేదంటే ఎగుమతి. ఖనిజం అదృష్టాన్ని బట్టి ఉంటుంది. ఎగుమతి కోసం వచ్చే కంపెనీకి ఆ దేశం సైజుతో పెద్దగా పనిలేదు. అక్కడినుంచి ఏ మార్కెట్లోకి సుంకం లేకుండా వెళ్లొచ్చు, రేవు ఎంత దూరం, కస్టమ్స్‌లో కంటెయినర్ ఎన్నిరోజులు ఆగుతుంది అన్నవే దానికి ముఖ్యం. స్లొవేకియా జనాభా 54 లక్షలు. ఏటా దాదాపు 10 లక్షల కార్లు తయారవుతాయి. స్లొవాకులు అన్ని కార్లు కొంటారని కాదు. 2004లో ఆ దేశం యూరోపియన్ యూనియన్‌లో చేరింది, అదే ఏడాది కియా కంపెనీ జిలినా పట్టణాన్ని ఎంచుకుంది. సరిహద్దులో ఆగకుండా జర్మనీ దాకా పోయే రోడ్డే ఆ ఫ్యాక్టరీకి అసలు మార్కెట్. అందుకే చిన్న దేశానికి వాణిజ్య విధానం, పెట్టుబడుల విధానం వేరువేరు ఫైళ్లు కావు. వాణిజ్య శాఖ ఒకవైపు దిగుమతి యంత్రాల మీద సుంకాలు పెంచుతూ, పెట్టుబడుల శాఖ ఇంకోవైపు రోడ్‌షోలు చేస్తుంటే ఆ రోడ్‌షోల ఖర్చు దండగ.

పన్ను మాఫీ

ప్రభుత్వాల చేతిలో ఉన్న సాధనాల్లో పన్ను మాఫీ చాలా సులువైంది. రోడ్డు వేయాలంటే డబ్బు కావాలి, కోర్టులు బాగుచేయాలంటే ఏళ్లు పడుతుంది. పన్ను మాఫీకి ఒక జీవో చాలు. ఆ ఖర్చు బడ్జెట్‌లో ఎక్కడా ఖర్చుగా కనబడదు కూడా. రాని ఆదాయం గురించి శాసనసభలో ప్రశ్న అడిగేవాళ్లు తక్కువ. అందుకే పప్పుబెల్లాల్లా పంచేస్తారు.

అది పనిచేస్తుందా అన్నదానికి కాస్త మొహమాటం లేని లెక్కలున్నాయి. ప్రపంచ బ్యాంకు బృందం కొన్ని ఆఫ్రికా దేశాల్లో పెట్టుబడిదారులనే అడిగింది: ఈ రాయితీ లేకపోయినా మీరు వచ్చేవాళ్లా? ర్వాండాలో 98 శాతం మంది వచ్చేవాళ్లమనే చెప్పారు. ఉగాండాలో 93 శాతం, టాంజానియాలో 91 శాతం. ఎలాగూ వచ్చేవాళ్లకే ఆ దేశాలు పన్ను వదులుకున్నాయన్నమాట. 2017లో పెట్టుబడిదారులతో చేసిన ఇంకో పెద్ద సర్వేలో రాజకీయ స్థిరత్వం, భద్రత, చట్టాల వాతావరణం ముందు నిలిచాయి. పన్ను రేటు ఆ తర్వాతే.

అయితే ఒక మినహాయింపు ఒప్పుకోవాలి. అమ్మకాలన్నీ ఎగుమతులే అయిన కంపెనీ, పక్కపక్కనున్న రెండు చిన్న దేశాలు మిగతా అన్నిటిలో సమానంగా ఉంటే, పన్ను చూసి మొగ్గుతుంది. ఐర్లండ్ 1956లోనే ఎగుమతి లాభాల మీద పన్ను మినహాయింపు మొదలుపెట్టింది. 2003 నుంచి కార్పొరేట్ పన్ను 12.5 శాతం చేసింది. అది పనిచేయలేదని ఎవరూ అనలేరు. కానీ ఐర్లండ్ 1967లో హైస్కూలు చదువు ఉచితం చేసిందని, 1973లో యూరప్ ఉమ్మడి మార్కెట్లో చేరిందని, 1949లోనే పెట్టుబడుల కోసం ప్రత్యేక సంస్థ పెట్టి దాన్ని ప్రభుత్వాలు మారినా నిలబెట్టిందని కూడా కలిపి చెప్పాలి. ఐర్లండ్‌ను ఆదర్శంగా తీసుకున్న దేశాలు సాధారణంగా ఆ 12.5ని మాత్రమే కాపీ కొడతాయి.

పైగా ఆ దారి ఇప్పుడు ఇరుకవుతోంది. 2021 అక్టోబరులో 130కి పైగా దేశాలు ఒక కనీస పన్ను ఒప్పందానికి వచ్చాయి. ఏడాదికి 75 కోట్ల యూరోలకు పైగా టర్నోవర్ ఉన్న బహుళజాతి సంస్థ ఏ దేశంలోనైనా 15 శాతం కంటే తక్కువ పన్ను కడితే, మిగతాది వేరే దేశం వసూలు చేసుకోవచ్చు. ఒప్పందం అమలు అన్నిచోట్లా ఒకేలా లేదు, అమెరికా తన కంపెనీల విషయంలో వేరే దారి కోరింది. అయినా చిన్న దేశం ఆర్థిక మంత్రికి చిక్కుముడి తప్పదు. నేను సున్నా పన్ను వేస్తే ఆ డబ్బు కంపెనీకి మిగలకపోవచ్చు, ధనిక దేశం ఖజానాకు చేరొచ్చు. అందుకే ఐర్లండ్‌తో సహా చాలా దేశాలు పెద్ద కంపెనీల విషయంలో తామే 15 శాతానికి చేర్చుకున్నాయి.

ఏరు దాటాక

ఇప్పుడు అసలు ముడి దగ్గరికొద్దాం. గని తవ్వాలన్నా ఫ్యాక్టరీ కట్టాలన్నా ముందుగా కోట్ల డాలర్లు పెట్టాలి. డబ్బు పెట్టకముందు కంపెనీది పైచేయి. నచ్చకపోతే వేరే దేశానికి పోతుంది. ప్రభుత్వం అడిగినవన్నీ ఒప్పుకుంటుంది. గని తవ్వేశాక సీను మారిపోతుంది. గోతిని మడిచి సూట్‌కేసులో పెట్టుకుని పోలేరు కదా. ఇప్పుడు పైచేయి ప్రభుత్వానిది. కొత్త పన్ను వేయొచ్చు, వాటా పెంచమనొచ్చు, లైసెన్సు ఆపొచ్చు. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య.

ఇది కంపెనీకి ముందే తెలుసు. తెలుసు కాబట్టే రాదు, లేదా వచ్చేటప్పుడు చాలా ఎక్కువ అడుగుతుంది. ఎక్కువ అడిగింది కాబట్టి కొన్నాళ్లకు జనం మోసపోయామనుకుంటారు. ఎన్నికల్లో అదే నినాదమవుతుంది. కొత్త ప్రభుత్వం ఒప్పందం తిరగరాస్తుంది. అలా కంపెనీ మొదట పడ్డ భయమే నిజమవుతుంది. ఈ వలయం ఎలా తిరుగుతుందో చూడాలంటే మంగోలియాను కాస్త దగ్గరగా చూడాలి.

సుమారు 30 లక్షల జనాభా ఉన్న ఆ దేశంలో, గోబీ ఎడారి దక్షిణాన ఓయు టొల్గోయ్ అనే చోట రాగి, బంగారం బోలెడంత ఉంది. 2009లో ప్రభుత్వం విదేశీ సంస్థలతో ఒప్పందం చేసుకుంది. ప్రభుత్వానికి 34 శాతం, విదేశీ భాగస్వాములకు 66 శాతం. అందులో ప్రధాన పాత్ర తర్వాత రియో టింటో అనే గనుల కంపెనీది. డబ్బు వరదలా వచ్చింది. 2011లో ఆర్థిక వ్యవస్థ 17 శాతం పెరిగింది. ప్రపంచంలో అతి వేగంగా పెరుగుతున్న దేశాల్లో ఒకటని అందరూ రాశారు.

2012లో రెండు సంగతులు కలిసొచ్చాయి. ఒక చైనా ప్రభుత్వ సంస్థ మంగోలియా బొగ్గు కంపెనీలో పెద్ద వాటా కొనబోయింది. ఎన్నికలు నెలలోకి వచ్చేశాయి. పార్లమెంటు హడావుడిగా ఒక చట్టం చేసింది: గనులు, బ్యాంకులు, మీడియా లాంటి వ్యూహాత్మక రంగాల్లో పెద్ద విదేశీ వాటాలకు ప్రభుత్వం, కొన్ని సందర్భాల్లో ఏకంగా పార్లమెంటు అనుమతి కావాలి. గురి చైనా మీద, దెబ్బ అందరికీ తగిలింది. అప్పుడే గని ఖర్చులు అంచనా దాటాయని రియో టింటోతో గొడవ ముదిరింది. 2013లో భూగర్భ గని పనులు ఆగిపోయాయి. పెట్టుబడులు నిలువునా పడిపోయాయి. అదే ఏడాది ఆ చట్టాన్ని రద్దు చేసి కొత్తది తెచ్చారు, కానీ వెళ్లినవాళ్లు వెంటనే తిరిగి రాలేదు. 2017లో మంగోలియా అంతర్జాతీయ ద్రవ్యనిధి (ఐఎంఎఫ్) తలుపు తట్టి, ఇతర దేశాలతో కలిపి 550 కోట్ల డాలర్ల సాయం తెచ్చుకోవాల్సి వచ్చింది.

మంగోలియా తప్పంతా ప్రభుత్వానిదే అనడం తేలిక. కానీ 34 శాతం వాటాకు పెట్టాల్సిన డబ్బు ప్రభుత్వం దగ్గర లేదు. కంపెనీయే వడ్డీకి అప్పిచ్చింది. గని ఖర్చు పెరిగిన కొద్దీ ఆ అప్పూ పెరిగింది. డివిడెండు చేతికందాలంటే దశాబ్దాలు పట్టేలా తయారైంది. జనం కోపానికి కారణం ఉంది. చివరికి 2022 జనవరిలో సుమారు 240 కోట్ల డాలర్ల అప్పును కంపెనీ వదులుకుంది, ఆగిన పని ముందుకు కదిలింది, 2023లో భూగర్భ ఉత్పత్తి మొదలైంది. మొదటి ఒప్పందమే లాభం వచ్చినప్పుడు ఇద్దరికీ కనిపించేలా, అప్పు కాకుండా రాయల్టీ మీద ఆధారపడేలా రాసుకుని ఉంటే ఈ పదేళ్ల రభసలో సగం తప్పేదని నా అభిప్రాయం. కంపెనీకి మరీ లాభసాటిగా ఉన్న ఒప్పందం కంపెనీకే ప్రమాదం, ఎందుకంటే దాన్ని ఏ ప్రభుత్వమూ ఎక్కువకాలం కాపాడలేదు.

పోల్చడానికి బోట్స్వానా ఉంది. స్వాతంత్ర్యం వచ్చిన మరుసటి ఏడాది, 1967లో, ఒరాపా దగ్గర వజ్రాలు దొరికాయి. డి బీర్స్ అనే వజ్రాల కంపెనీతో ఉమ్మడి కంపెనీ పెట్టి, 1970ల్లో వాటాను సగం సగానికి తెచ్చుకుంది. ఆ తర్వాత కూడా బేరాలు ఆడుతూనే ఉంది, వజ్రాల సార్టింగ్, అమ్మకాలు లండన్ నుంచి తన రాజధాని గాబరోన్‌కు రప్పించుకుంది. కానీ బేరమాడింది ఒప్పందం గడువు ముగిసినప్పుడు, బల్ల దగ్గర కూర్చుని. మధ్యలో చట్టం మార్చి కాదు.

మాట తప్పనని నమ్మించడానికి చిన్న దేశాలు ఇంకో పని చేస్తాయి. తమ చేతులు తామే కట్టేసుకుంటాయి. ద్వైపాక్షిక పెట్టుబడి ఒప్పందాలు అవే. తేడా వస్తే కంపెనీ స్థానిక కోర్టుకు పోకుండా నేరుగా అంతర్జాతీయ ట్రైబ్యునల్‌కు పోవచ్చు. ఇలాంటి కేసులు నడిపేవాటిలో ప్రధానమైన ఇక్సిడ్ అనే కేంద్రం 1966 నుంచి ప్రపంచ బ్యాంకు గొడుగు కింద నడుస్తోంది. నమ్మకం వస్తుంది, నిజమే. ఖరీదూ ఉంది. 2010లో ఫిలిప్ మోరిస్ కంపెనీ ఉరుగ్వే మీద కేసు వేసింది. సిగరెట్ పెట్టె మీద 80 శాతం మేర హెచ్చరిక ఉండాలన్న నిబంధన తమ పెట్టుబడికి నష్టమని వాదన. 2016లో ఉరుగ్వే గెలిచింది. కంపెనీయే 70 లక్షల డాలర్ల ఖర్చులు కట్టాల్సి వచ్చింది. కానీ ఆ ఆరేళ్లు కేసు నడపడానికి ఉరుగ్వేకు బయటి దాతృత్వ సంస్థ సాయం కావాల్సి వచ్చింది. అలాంటి సాయం దొరకని దేశం కేసు పడుతుందన్న టెన్షన్‌తోనే చట్టం మానేసుకోవచ్చు. ఆ ఒప్పందాలు సంతకం చేసేటప్పుడు ఆరోగ్యం, పర్యావరణం లాంటి విషయాల్లో ప్రభుత్వ అధికారం పోకుండా మాటలు జాగ్రత్తగా రాసుకోవాలి. చాలా దేశాలు నమూనా పత్రం మీద సంతకం పెట్టేసి, కేసు పడ్డాకే దాన్ని చదివాయి.

పేపర్లో కనబడే అంకె

ఎఫ్‌డీఐ ఇన్ని కోట్లు పెరిగిందని వార్త వస్తే ఆ అంకెను కాస్త గిచ్చి చూడాలి. ఎంఓయూల (ఇంకా డబ్బు రాని అవగాహన ఒప్పందాల) విలువను పెట్టుబడిగా చెప్పడం అన్నిచోట్లా ఉన్న అలవాటే, దాని గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. ఇందాక గుర్తుపెట్టుకోమన్న సంగతి అంతకంటే ముఖ్యం. ఒక కంపెనీ అక్కడే సంపాదించిన లాభాన్ని బయటికి పంపకుండా ఉంచితే, అది కూడా ఆ ఏడాది ఎఫ్‌డీఐ అవుతుంది. కొత్తగా ఒక్క డాలరూ రాకపోవచ్చు. అలాగని ఇది చెడ్డ డబ్బని కాదు. ఉన్నవాళ్లు ఇంకా ఉండాలనుకుంటున్నారంటే మంచి లక్షణమే. కొత్త ఫ్యాక్టరీలు వస్తున్నాయని మాత్రం దాన్ని చూసి అనుకోకూడదు.

ఇంకో రకం ఉంది, అది డబ్బు రూపంలో ఉన్న నీడ. 2019లో ఐఎంఎఫ్ పత్రికలో వచ్చిన ఒక లెక్క ప్రకారం ప్రపంచ ఎఫ్‌డీఐలో దాదాపు 40 శాతం, అంటే సుమారు 15 లక్షల కోట్ల డాలర్లు, ఉద్యోగీ కార్యాలయమూ లేని ఉత్తుత్తి కంపెనీల గుండా పోతోంది. ఆరు లక్షల జనాభా ఉన్న లక్సెంబర్గ్‌లో 4 లక్షల కోట్ల డాలర్ల విదేశీ పెట్టుబడి ఉన్నట్టు లెక్క. ఒక దేశంలోంచి ఇంకో దేశంలోకి పన్ను తప్పించుకుంటూ దాటే డబ్బుకు అది ఒక గుమ్మం.

జీడీపీకీ ఇదే జబ్బు పట్టొచ్చు. ఐర్లండ్ గణాంకాల శాఖ 2016లో ఒక ప్రకటన చేసింది: 2015లో ఆర్థిక వ్యవస్థ 26 శాతం పెరిగింది. ఐరిష్‌వాళ్లే నవ్వుకున్నారు. వీధుల్లో ఏమీ మారలేదు. బహుళజాతి సంస్థలు తమ పేటెంట్లు, ఇతర మేధో ఆస్తులను ఐర్లండ్ లెక్కల్లోకి మార్చుకున్నాయి, అంతే. తర్వాత ఐర్లండ్ ఇలాంటివి తీసేసి సవరించిన జాతీయాదాయం అనే కొత్త కొలమానాన్నే తయారుచేసుకుంది. నవ్వులాట కాని భాగం ఇంకోటుంది. ఆ దేశపు కార్పొరేట్ పన్ను ఆదాయంలో మూడో వంతుకు పైగా కేవలం మూడు కంపెనీల నుంచి వస్తోంది. ఒక్క బోర్డు మీటింగ్‌లో తీసుకునే నిర్ణయం మీద ఆసుపత్రుల బడ్జెట్ ఆధారపడకుండా ఉండాలని, ఆ అదనపు ఆదాయంలో కొంత పక్కనపెట్టే నిధులు పెట్టుకున్నారు.

ర్యాంకులదీ ఇదే తంతు. ప్రపంచ బ్యాంకు వ్యాపార సౌలభ్య నివేదిక కోసం ఏళ్ల తరబడి దేశాలు పోటీపడ్డాయి. చివరి జాబితాలో జార్జియాది 7వ ర్యాంకు, ర్వాండాది 38, కోస్టారికాది 74. విదేశీ పెట్టుబడి ఎక్కడ ఎక్కువ వచ్చిందంటే, 74వ ర్యాంకు దేశం ర్వాండాను ఎప్పుడో దాటేసింది. కంపెనీ రిజిస్ట్రేషన్ ఒక్క రోజులో అవడం మంచిదే, కానీ కంపెనీ పెట్టడానికి కారణమంటూ ఉండాలి కదా. గణాంకాల్లో అవకతవకలు బయటపడి 2021లో ఆ నివేదికనే ఆపేశారు.

వెళ్లిపోయాక

విదేశీ ఫ్యాక్టరీ శాశ్వతం కాదు. లెసోతో కథ ఇందుకు మంచి పాఠం, బాధగా ఉంటుంది కూడా. చుట్టూ దక్షిణాఫ్రికా ఉన్న ఈ కొండల దేశం జనాభా సుమారు 20 లక్షలు. 2000లో అమెరికా ఆఫ్రికా దేశాల దుస్తులకు సుంకం తీసేసింది. తైవాన్ యజమానులు వచ్చి రాజధాని మసేరు చుట్టుపక్కల జీన్స్, టీషర్టుల ఫ్యాక్టరీలు పెట్టారు. కొన్నేళ్లలోనే 50 వేలమందికి, ఎక్కువగా మహిళలకు, పని దొరికింది. అయితే బట్ట బయటినుంచి వచ్చేది, డిజైన్, ఆర్డర్లు కూడా బయటివే. స్థానికంగా జరిగేది కుట్టడం. 2005 జనవరిలో ప్రపంచ దుస్తుల కోటాలు (ఏ దేశం ఎంత ఎగుమతి చేయొచ్చో చెప్పే పరిమితులు) ఎత్తేయగానే కొన్ని ఫ్యాక్టరీలు మూతపడ్డాయి. 2025 ఏప్రిల్లో అమెరికా ఏకంగా 50 శాతం సుంకం ప్రకటించింది. తర్వాత 15కి తగ్గించినా, ఈలోపు కొనుగోలుదారులు ఆర్డర్లు ఆపేశారు. పావు శతాబ్దం నడిచిన పరిశ్రమ ఒక విదేశీ ప్రభుత్వ ప్రకటనకు గడగడలాడింది.

కోస్టారికాకు కూడా దెబ్బ తగిలింది. 2014లో ఇంటెల్ తన అసెంబ్లీ పనిని ఆసియాకు తరలించి 1,500 మందిని తీసేసింది. ఒకప్పుడు దేశ ఎగుమతుల్లో మూడో వంతుకు పైగా ఆ ఒక్క కంపెనీదే. కానీ దేశం కూలబడలేదు. అప్పటికి వైద్య పరికరాల కంపెనీలు ఒకదాని తర్వాత ఒకటి వచ్చి ఉన్నాయి. దుమ్ము చొరబడని క్లీన్ రూముల్లో పనిచేసిన టెక్నీషియన్లు వాటికి పనికొచ్చారు. కాథెటర్లు, గుండె కవాటాల లాంటివి ఇప్పుడు ఆ దేశపు నంబర్ వన్ ఎగుమతి. ఇంటెల్ కూడా ఇంజినీరింగ్ విభాగాన్ని అక్కడే ఉంచింది, 2020లో అసెంబ్లీకి తిరిగొచ్చింది, 2025లో మళ్లీ ఆసియాకు మారుస్తున్నామంది. అలాగని అంతా బాగుందని కాదు. ఫ్రీ జోన్ కంచె లోపల ఒక ఆర్థిక వ్యవస్థ, బయట ఇంకోటి. ఇంటెల్ స్థానికంగా కొన్న ముడిసరుకు ఎప్పుడూ అంతంతమాత్రమే. స్థానిక చిన్న పరిశ్రమలను ఆ సప్లై చెయిన్లోకి ఎక్కించడంలో కోస్టారికా పెద్దగా గెలవలేదు.

ఆ విషయంలో అందరికంటే మొండిగా పనిచేసింది సింగపూర్. 1972లో టాటా సంస్థతో కలిసి శిక్షణ కేంద్రం పెట్టింది. తర్వాత రోలై, ఫిలిప్స్‌తో కూడా. షరతు ఏంటంటే, కంపెనీకి కావాల్సినవాళ్లకంటే ఎక్కువమందిని తయారుచేయాలి, మిగిలినవాళ్లు ఎక్కడైనా పనిచేసుకోవచ్చు. రోలై జర్మన్ కెమెరాల కంపెనీ. 1981లో దివాలా తీసి సింగపూర్ ఫ్యాక్టరీ మూసేసింది. మైక్రాన్ల తేడాతో లోహం కోయడం నేర్చుకున్న కార్మికులు మిగిలారు. మరుసటి ఏడాదే సీగేట్ వచ్చి హార్డ్ డిస్కులు మొదలుపెట్టింది. ఆ పనికి కావాల్సింది సరిగ్గా అలాంటి చేతులే. 1980ల నడుమకల్లా డిస్క్ డ్రైవ్‌ల ఎగుమతిలో సింగపూర్ ప్రపంచంలోనే ముందుంది. 1986లో పెద్ద కంపెనీల ఇంజినీర్లు చిన్న స్థానిక సరఫరాదారుల దగ్గరికెళ్లి పని నేర్పేలా ఒక పథకం పెట్టి, వాళ్ల జీతాలు ప్రభుత్వమే భరించింది.

సింగపూర్ చేసిన ఇంకో పని గురించి తక్కువ మాట్లాడతారు. కొన్ని పెట్టుబడులను పొమ్మనకుండా పొగబెట్టింది. 1979 నుంచి మూడేళ్లపాటు జీతాలు గట్టిగా పెంచమని జాతీయ వేతన మండలి సిఫార్సు చేసింది. తక్కువ జీతం ఇచ్చే యజమానుల మీద లెవీ వేసి, ఆ డబ్బును నైపుణ్యాల నిధికి మళ్లించారు. చవక కూలీ మీద బతికే కుట్టు ఫ్యాక్టరీలు వెళ్లిపోవాలని, వాటి చోట ఎక్కువ విలువున్నవి రావాలని ఉద్దేశం. లెక్క పూర్తిగా కుదరలేదు. ప్రపంచ గిరాకీ తగ్గింది, ఇంట్లో ఖర్చులు పెరిగిపోయాయి, 1985లో ఆర్థిక వ్యవస్థ కుంచించుకుపోయింది. మరుసటి ఏడాది యజమానులు భవిష్య నిధికి కట్టే వాటాను 25 శాతం నుంచి ఒక్కసారిగా 10కి తగ్గించి, ఖర్చులను కిందికి దించారు. కానీ శిక్షణ కేంద్రాలు మూయలేదు, వెళ్లిన కుట్టు ఫ్యాక్టరీలను మళ్లీ పిలవలేదు.